సగం నిండిన గ్రహం

నక్షత్రాల నడుమ రాజ్యాలు కట్టే కంప్యూటర్ ఆటల్లో 1993లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ పాతకాపు. మా హాస్టల్లో ఇప్పటికీ దానికి భక్తులున్నారు. భక్తుల మధ్య తెగని తగువు ఒక్కటే: కొత్త గ్రహానికి జనాన్ని ఎప్పుడు పంపాలి?

ఇందులో రెండు పార్టీలు. కనబడ్డ గ్రహమల్లా మనదేననేది ఒకటి. ముందు ఇల్లు చక్కబెట్టుకోమనేది రెండోది. మొదటివాళ్ళది ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఫ్యాక్టరీలు కట్టాల్సిన డబ్బంతా వలస ఓడలకు పోస్తారు. రెండోవాళ్ళు తల్లి గ్రహం నిండేదాకా కదలరు. లేచి చూసేసరికి మంచి గ్రహాలన్నీ పక్కవాడి జెండా కింద ఉంటాయి.

ఆట మొదట్లో ఇచ్చే ఒక్క వలస ఓడను వెంటనే వాడాలనడంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే.

నేను కాగితం తీసి లెక్క వేశాను. ఈ ఆటలో గ్రహం సగం నిండినప్పుడు జనాభా అన్నిటికంటే వేగంగా పెరుగుతుంది. నిండేకొద్దీ ఆ వేగం మందగిస్తుంది. ఖాళీ గ్రహం మీద టర్నుకు పదో వంతు పెరుగుదల అనుకుందాం. 100 పట్టే తల్లి గ్రహంలో 80 ఉంటే టర్నుకు 1.6 పెరుగుతుంది. పదిని పంపేస్తే మిగిలిన 70కి పెరుగుదల 2.1! పంపినందుకు ఇల్లు చిక్కలేదు సరికదా, పుంజుకుంది. అదే 40 ఉన్నప్పుడు పదిని పంపితే 2.4 కాస్తా 2.1కి దిగుతుంది, ఫ్యాక్టరీల్లో చేతులూ తగ్గుతాయి.

రైతుకిది కొత్త కాదు. మరీ లేత నారును మోటుగా పీకితే దెబ్బతింటుంది, ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతాయి.

ఇంకొక సంగతి. వలస ఓడ దింపేది రెండు యూనిట్ల జనాన్నే. 40 పట్టే గ్రహంలో ఆ రెండూ ఐదు టర్నులకు ఒకటి చొప్పున పెరుగుతాయి. వెనకనుంచి మరో పది పంపితే పెరుగుదల నాలుగు రెట్లు దాటుతుంది. అంచేత ఓడ పంపి చేతులు దులుపుకుంటే విస్తరణ కాదు. వెనక పంపడానికి మన దగ్గర ఉన్నప్పుడే బయలుదేరాలి.

ఈ లెక్క నన్ను ఆటలోనే వదల్లేదు. మా చెల్లెలు డిగ్రీ పూర్తిచేసింది, పైచదువుకు దూరం వెళ్తానంటోంది. “నీకు ఉద్యోగమొచ్చి ఇల్లు నిలదొక్కుకోనీరా, అప్పుడు చూద్దాం” అంటారు నాన్న. మనుషులు గ్రహాలు కారు, నాకు తెలుసు. కానీ ఇల్లు పూర్తిగా నిండే రోజు ఏ ఇంటికి వచ్చింది? అప్పులు సగం తీరాయి, పొలం చేతిలో ఉంది. సగం దాటాం.

“పంపుదాం నాన్నా” అన్నాను. ఆయన కాసేపాగి, “మరి నెలనెలా?” అన్నారు.

న్యాయమైన ప్రశ్న. వెనకనుంచి పంపే ఆ పది యూనిట్లు ఎక్కణ్ణుంచో రావు. ఈ ఏడు నా చదువు ముగిశాక, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోతానని చెప్పాను.