గ్లాసు ఒక్కటే, గదులు రెండు

ఇంగ్లండులో పబ్ అంటే ఏంటో మనవాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు చాలామంది ఒక పోలిక తెస్తారు. "అది వాళ్ల రచ్చబండ" అంటారు. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం ఆ మాట దగ్గరే కాలు ఆగుతుంది. రచ్చబండ మీద మా తాత ఎన్నడు కూచున్నాడు? చెప్పులు విడిచి, తువ్వాల నడుముకు చుట్టుకుని, కింద నిలబడి పంచాయితీ తీర్పు విన్నాడు. ఆ బండ ఊరిది. మాది వాడ. అందుకే ఎవరైనా ఒక చోటును చూపించి "ఇక్కడ అందరూ కలుస్తారు" అన్నప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. కూచున్నదెవరు? నిలబడ్డదెవరు? గడప బయట ఉన్నదెవరు?

పబ్‌ను కూడా అట్లనే అడుగుదాం.

ముందు ఒక సంగతి. హైదరాబాద్‌లో పబ్ అనగానే జూబ్లీహిల్స్, చెవులు పగిలే పాటలు, గుమ్మంలో బౌన్సర్లు గుర్తొస్తారు. ఇంగ్లండు పబ్ అది కాదు. పబ్లిక్ హౌస్ అన్న మాటను కుదించి పబ్ అన్నారు. వీధి మూలన పాత ఇటుకల ఇల్లు, లోపల అరిగిన బల్లలు, గోడకు డార్ట్స్ బోర్డు, పొయ్యి పక్కన ఎవరిదో కుక్క. ఒక గ్లాసు తెచ్చుకుని రెండు గంటలు కూచున్నా ఎవరూ లేవమనరు. పని పోయినా, పెళ్లాం పోయినా, మనవడు పుట్టినా కబురు ముందుగా అక్కడికే చేరుతుంది.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో మా చిన్నమ్మ కొడుకు దగ్గర బర్మింగ్‌హామ్‌లో పన్నెండు రోజులున్నాను. వాడు అక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తాడు. "అన్నా, నువ్వు ఊళ్లె కల్లు తాగినోనివి. ఈడ దాని అన్నదమ్ముడున్నడు, చూపిస్త" అని ఒక సాయంత్రం తీసుకుపోయాడు.

వాడు చెప్పిన ఆ అన్నదమ్ముడి పేరు రియల్ ఏల్. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీళ్లలో నానేసి తీసిన తీపి రసంలో హాప్స్ పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు. అంతవరకు మిగతా బీర్ల సంగతీ అంతే. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఈ బీరును బాగా వడపోసి, వేడిచేసి, ప్రాణం తీసి సీసాలో పెట్టరు. ఈస్టు బతికుండగానే కాస్క్ అనే పీపాలో నింపి పబ్‌కు పంపుతారు. పబ్ కింద నేలమాళిగలో, పన్నెండు డిగ్రీల చల్లదనంలో, అది రెండోసారి పులుస్తుంది. పైనుంచి గ్యాసు ఎక్కించరు. కౌంటర్ దగ్గర పొడుగు పిడి పట్టుకుని లాగితే, మన చేతిపంపులో నీళ్లు వచ్చినట్టు పైకి వస్తుంది. 1960ల్లో పెద్ద కంపెనీలు గ్యాసు కొట్టిన చల్లటి బీరును దేశమంతా నింపేస్తుంటే, ఈ బతికున్న బీరును కాపాడుకోవాలని 1971లో కామ్రా అనే ఉద్యమ సంఘం పుట్టింది. తాగుడు కోసం ఉద్యమమా అని నవ్వొచ్చు. ఒక రుచిని, దాన్ని నమ్ముకున్న చిన్న బీరు తయారీ కేంద్రాలను, వీధి మూల పబ్‌ను కాపాడుకోవడానికి మామూలు జనం సంఘం కట్టారు. నాకు నవ్వు రాలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. ఫర్కిన్ అనే పీపాలో తొమ్మిది గ్యాలన్లు పడతాయి. అంటే డెబ్బై రెండు పైంట్లు. పైంటుకు 568 మిల్లీలీటర్లు. పీపాకు ఒకసారి తూటు పొడిస్తే లోపలికి గాలి పోతుంది. ఇక మూడు రోజులే గడువు. ఆ తర్వాత రుచి చచ్చి పుల్లనీళ్లవుతుంది. మూడు రోజుల్లో డెబ్బై రెండు గ్లాసులు తాగే మనుషులు చుట్టుపక్కల లేకపోతే రియల్ ఏల్ లేదు. దాన్ని దాచుకోలేరు, దూరం పంపలేరు. ఆ బీరు గురించి మాట్లాడేవాళ్లు మాటకు ముందొకసారి, వెనకొకసారి 'కమ్యూనిటీ' అంటుంటే మొదట మురిపెం అనుకున్నాను. అది లెక్క. ఇరుగుపొరుగు లేకపోతే పీపా పాడైపోతుంది.

కల్లు లెక్కా ఇదే కదా. పొద్దున దించిన కల్లు తియ్యగ ఉంటది, మధ్యాహ్నానికి మారుతది, మాపటికి పులిసి నురగలు కక్కుతది. రేపటికి దాచలేం. మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కిన గౌడన్నకు దిగేసరికి కింద మనుషులు కావాలి. మా వాడ జనం కూడా కావాలి. మా పైసలు తీసుకోకపోతే ఆ లొట్టి ఒడవదు. అయినా మండువలో మేం కూచునే చెట్టు వేరే ఉండేది. కల్లు పైనుంచి ఎత్తి పోసేవాళ్లు.

ఒక సంగతి మా నాయిన చెప్పేవాడు. అందరూ తాటి రేకల్లో, మోతుకాకు దొప్పల్లో తాగినన్ని రోజులు తాగే పాత్ర మీద పేచీ లేదట. ఎవరి ఆకు వాళ్లు పారేస్తారు. గ్లాసులు వచ్చినంక రెండు రకాలయినయి. ఆకు పారేస్తే పోతుంది. గ్లాసు కడిగి ఇంకొకరికి ఇవ్వాలి. కులం నిద్రలేచేది ఆ కడిగే దగ్గరే. సాహిత్యంలో డాక్టరేట్ చేశాను కానీ అంటరానితనం గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు లైబ్రరీలో దొరకలేదు.

మళ్లీ పబ్‌లోకి పోదాం. పాత ఇంగ్లండు పబ్‌లో ఒక్క గది ఉండేది కాదు. పబ్లిక్ బార్ అంటే కూలీలది, ఉత్త నేల, చెక్క బెంచీలు. లౌంజ్, స్మోక్ రూమ్ కొంచెం ఉన్నోళ్లవి, తివాచీ, మెత్తటి కుర్చీలు. అదే పీపాలోని అదే బీరు, గది మారితే ధర మారేది. వర్గం అట్లా గోడలు కట్టింది. ఆ గోడల్ని తర్వాత రంగు వాడుకుంది.

బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే ఊరుంది. ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీల ఊరు. 1950లు, 60ల్లో పంజాబీలు వేలల్లో వచ్చి ఆ కొలిమిల ముందు చెమట కార్చారు. షిఫ్టు దిగిన కార్మికుడికి దాహం వేస్తుంది, తెల్లోడికైనా నల్లోడికైనా. పబ్‌కు పోతే కొన్నిచోట్ల అసలు పోయరు. కొన్నిచోట్ల పబ్లిక్ బార్‌లో నిలబడి తాగు, స్మోక్ రూమ్‌లో కాలు పెట్టకు అంటారు. దాన్ని 'కలర్ బార్' అన్నారు. 1964 ఎన్నికల్లో ఆ ఊరి సీటును టోరీ అభ్యర్థి జాతి ద్వేషం మీదే గెలిచాడు. మార్షల్ స్ట్రీట్‌లో ఖాళీ అయిన ఇళ్లను కొని తెల్లవాళ్లకే ఇవ్వాలని ఊరి కౌన్సిల్ చూసింది.

అక్కడ ఫౌండ్రీ కార్మికుడు అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్లు చేసిన పని మనం నేర్చుకోవాల్సింది. యూనివర్సిటీ తెల్ల విద్యార్థుల్ని వెంట తీసుకుపోయేవాళ్లు. ముందు తెల్లవాళ్లు పోయి గ్లాసు అడుగుతారు, పోస్తారు. వెనకే వీళ్లు పోయి అదే గ్లాసు అడుగుతారు, లేదంటారు. ఇక సాక్ష్యం చేతికొచ్చింది. పబ్ లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ సాక్ష్యంతో అభ్యంతరం పెట్టేవాళ్లు. ప్రతి గుమ్మం దగ్గరా మళ్లీ మళ్లీ ఇదే పని. 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చి మార్షల్ స్ట్రీట్‌లో నడిచాడు. జౌహల్ ఆయన్ను బ్లూ గేట్స్ అనే పబ్‌కు తీసుకుపోయాడు. స్మోక్ రూమ్‌లో పోయమన్నారు. తొమ్మిది రోజులకు న్యూయార్క్‌లో మాల్కంను కాల్చి చంపారు. అంతకు ముందు ఏడాదే బ్రిస్టల్‌లో పాల్ స్టీఫెన్‌సన్ అనే నల్లజాతి యువకుడు బే హార్స్ పబ్‌లో గ్లాసు పోసేదాకా కదలనని కూచుంటే అరెస్టు చేశారు. కోర్టులో ఆ కేసు నిలబడలేదు.

1965లోనే బ్రిటన్ తొలి జాతి సంబంధాల చట్టం తెచ్చింది. పబ్, హోటల్, సినిమా హాలు లాంటి జనం కలిసే చోట్ల రంగు చూసి మనిషిని ఆపకూడదంది.

ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి కులం పేరుతో ఎవర్నీ ఆపరాదని 1950 నుంచే చెప్తోంది. 1955 అంటరానితనం నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసి హోటల్లో జనం వాడే పాత్రల మాట కూడా రాసింది. అంటే మన గ్లాసు చట్టంలోకి బ్రిటన్ కంటే పదేళ్ల ముందే ఎక్కింది. మరి రెండు గ్లాసుల హోటళ్లు మన బాల్యం దాకా ఎట్లా బతికాయి? చట్టం లేక కాదు. అడిగినవాడి వెనక ఎవరూ నిలబడక. తెల్ల విద్యార్థి తన గ్లాసు పక్కన పెట్టి "ఇతనికెందుకు పోయవు?" అని అడిగాడు. మన ఊళ్లో పక్క బెంచీ మీదివాళ్లు చాయ్ తాగి లేచిపోయారు.

సరే. తలుపు తెరిచారు. తెరిచిన తలుపులోంచి ఎవరెవరు లోపలికొచ్చారు?

ఒకప్పుడు నిలబడనియ్యని పబ్‌లనే ఆ ప్రాంతంలో పంజాబీలు కొనుక్కుని నడుపుతున్నారు. దేశీ పబ్ అంటారు. కౌంటర్ మీద ఏల్ పంపు, వంటింట్లోంచి బుసలుకొడుతూ వచ్చే మిక్స్‌డ్ గ్రిల్ పళ్లెం. వాటి మీద డేవిడ్ జేసుదాసన్ రాసిన పుస్తకాన్ని 2023లో కామ్రానే ప్రచురించింది. మా తమ్ముడు నన్ను తీసుకుపోయింది అట్లాంటి చోటికే. ముసలి తెల్లాయన, గడ్డం సర్దార్జీ ఒకే బల్ల మీద డామినోస్ ఆడుతున్నారు. చూస్తుంటే కడుపు నిండింది.

కాసేపటికి తమ్ముడి ఇంట్లో ఉండే తెలుగు పిల్లలు నలుగురు వచ్చారు. నలుగురూ మంచివాళ్లే, నన్ను 'సార్, సార్' అంటూ కుర్చీ ఇచ్చారు. అక్కడ రౌండ్ పద్ధతి. ఒక్కొక్కరు వంతు ప్రకారం అందరికీ కొనాలి. రెండో రౌండ్‌లో ఒకతను అడిగాడు.

"సార్, మీ ఇంటిపేరేంటి?"

చెప్పాను. అతనికి అంతుపట్టలేదు. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది.

"ఊళ్లె మీ ఇల్లు ఎటు దిక్కు సార్?"

ఈ ప్రశ్న తెలియని దళితుడు లేడు. తమ్ముడు తల వంచి గ్లాసులోకి చూస్తున్నాడు. వాని మెడ చూస్తే నాకు అర్థమైంది, వాడింకా ఏ దిక్కో చెప్పలేదు.

"బడి దిక్కు" అన్నాను. అబద్ధం కాదు. మా వాడకు, ఊరికి మధ్య ఉన్నది బడే.

మూడో రౌండ్ తమ్ముడి వంతు. ఆరు గ్లాసులు ట్రేలో పెట్టుకుని, చుక్క ఒలకకుండా తెచ్చి ఒక్కొక్కరి చేతికి ఇచ్చాడు. అందరూ తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

తిరిగొస్తుంటే వాడన్నాడు, "తెలిస్తే కొట్టరన్నా. ఏమనరు. నెల రోజులకు 'మా చుట్టాలొస్తున్నరు, రూమ్ ఖాళీ చెయ్యి' అంటరు. ఒకసారి అయింది." ఇది రాయమన్నది కూడా వాడే. పేరొద్దన్నాడు.

స్మెథిక్ పబ్ గోడను కూల్చగలిగారు, ఎందుకంటే అది కంటికి కనబడింది. చర్మం రంగు దాచలేరు, ఆపినవాడు కూడా దాచలేదు. మన గోడ మాటలో ఉంది. ఇంటిపేరులో ఉంది, దిక్కులో ఉంది, "మీరు నాన్‌వెజ్జా" అన్న పలకరింపులో ఉంది. పక్కపక్కన కూచుని తిన్నంత మాత్రాన కులం పోదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించాడు. కలిసి తాగినా పోదని నేను ఆ బల్ల దగ్గర చూశాను.

బ్రిటన్ చట్టం ఇక్కడ తడబడింది. 2013లో పార్లమెంటు సమానత్వ చట్టంలోకి కులాన్ని చేర్చాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. హిందూ సంఘాలు అడ్డం పడ్డాయి. 2018లో ప్రభుత్వం చేతులు దులుపుకుని, కోర్టు తీర్పులు చాలంది. ఆ తీర్పుల్లో ముఖ్యమైనది ఇంటి పనికి అక్కడికి తీసుకుపోయిన ఆదివాసీ మహిళ పర్మిలా తిర్కీ కేసు. అంటే ఒక పనిమనిషి కోర్టు మెట్లెక్కి తెచ్చుకున్న తీర్పే అక్కడి దళితులందరికీ గొడుగు. చినుకు పడిన ప్రతివాడూ మళ్లీ కోర్టుకు పోయి ఆ గొడుగు అడగాలి.

విదేశాలకు పోతున్న మన పిల్లలకు చెప్పాల్సింది ఒక్కటే. పోయిన ఊళ్లో అంబేడ్కర్ సంఘం ఎక్కడుందో, రవిదాస్ సభ ఎక్కడుందో వీసా కాగితాలతో పాటే కనుక్కోండి. వుల్వర్‌హాంప్టన్‌లో రెండూ ఉన్నాయి. రూమ్ పోతే పడుకోవడానికి ఒక ఇల్లు ఉంటే, దిక్కు చెప్పడానికి గొంతు వస్తుంది. ఒంటరివాణ్ణి ధైర్యంగా ఉండమని చెప్పడం తేలిక. జౌహల్ ఒంటరిగా పబ్‌లోకి పోలేదు.

మిగతా కులాల మిత్రులకు కూడా ఒక మాట. ఈసారి మీ బల్ల దగ్గర ఎవరైనా "మీ ఇల్లు ఎటు దిక్కు" అని అడిగితే, జవాబు మమ్మల్ని చెప్పనియ్యకండి. "ఎందుకు అడుగుతున్నవు?" అని మీరు అడగండి. ఆ తెల్ల పిల్లలు చేసింది అంతే.

జై భీమ్.