వేడినీళ్లూ కంటిచుక్కలూ

2020 మార్చిలో మలేసియా ఆరోగ్యమంత్రి ఆధమ్ బాబా టీవీలో ఓ చిట్కా చెప్పారు. గోరువెచ్చని నీళ్లు తాగితే కరోనా వైరస్ గొంతులోంచి కడుపులోకి జారి, అక్కడి ఆమ్లానికి చస్తుందట. ఆయన చదివింది వైద్యమే! ఇక ఆ దేశంలోని సుంగై పెటాని పట్టణంలో ఏ పెద్దమ్మో అదే మాటను ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఏమనగలం?

మరుసటి ఏడు మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కరోనా మందుకు జనం బారులు తీరారు. ఆక్సిజన్ పడిపోయిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్, కంట్లో చుక్కలు పడగానే తేరుకున్నానని చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. ఆ నెలాఖరులోనే ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ఆ కబురును మాత్రం ఎంతమంది ఫార్వర్డ్ చేశారు?

ఇలాంటివి పంపేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. భయం, పైగా మనవాళ్ల మీద ప్రేమ. అందుకునేవాళ్లు కూడా మందును కాదు, పంపిన మనిషిని నమ్ముతారు.

2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ట్విటర్ అధ్యయనం ప్రకారం అబద్ధమే నిజంకన్నా వేగంగా పాకుతుంది. అందుకు ప్రధాన కారణం బాట్‌లు కాదు, మనుషులే.

మలేసియాలో 2017 నుంచి ఇలాంటి కబుర్ల నిజానిజాలు చెప్పే 'సెబెనార్‌న్య' అనే సర్కారు పోర్టల్ ఉంది. చిట్కా పంపేముందు ఒక్కసారి అందులో వెతకండి, పెద్దమ్మకూ చూపించండి.