భిలాయ్‌లో ఇల్లు మారినప్పుడు

ఉక్కు కర్మాగారపు పట్టణాలలో జీవించినవారికి చిరునామా అంటే కొన్ని అంకెలు. సెక్టారు ఇంత, వీథి ఇంత, క్వార్టరు ఇంత. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పుకొని బ్రతికిన మన పెద్దలకు ఇది వింతగా తోచేది. సెలవులకు స్వగ్రామం వెళ్లినప్పుడు "ఇప్పుడెక్కడుంటున్నారమ్మా?" అని ఎవరైనా అడిగితే, మా అమ్మగారు "రెండో సెక్టారులో" అని చెప్పి తానే నవ్వేవారు. అంకెల వెనుక ఒక ఊరు దాగి ఉంటుందని, ఆ ఊరిని చూచి మరీ ఇల్లు ఎంచుకోవాలని మాకు తెలిసినది 1993లో, క్వార్టరు మారవలసి వచ్చినప్పుడు.

భిలాయ్ పుట్టుక పాఠక మిత్రులకు తెలిసినదే. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, వరిపొలాల నడుమ కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పని వెదుకుకొంటూ దేశం నలుమూలల నుండి జనం వచ్చారు. మన ఉత్తరాంధ్ర జిల్లాల వారికి ఈ చోటు మరీ దూరం కాదు. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931 నాటికే పూర్తయి ఉన్నది. ఆ దారినే ఎన్నో తెలుగు కుటుంబాలు ట్రంకుపెట్టెలతో, ఆవకాయ జాడీలతో ఇక్కడికి చేరాయి. వాటిలో మాదీ ఒకటి.

టౌన్‌షిప్‌ను సెక్టార్లుగా విభజించడంలో ఒక ఆలోచన ఉన్నది. 1929లో అమెరికాలో క్లారెన్స్ పెరీ అనే ఆయన నివాస ప్రాంతాలు ఎలా ఉండాలో ఒక నమూనా ప్రకటించారు. దాని ప్రకారం ప్రతి పేటకు నడుమ ఒక ప్రాథమిక పాఠశాల ఉండాలి. ఏ ఇంటి నుండి అయినా పిల్లవాడు సుమారు పావు మైలు నడిచి బడి చేరాలి. పెద్ద రహదారులు పేటకు పొలిమేరగా ఉండాలే కాని, పేట నడుమ నుండి పోరాదు. స్వాతంత్ర్యానంతరం మన దేశంలో వెలసిన అనేక పట్టణాలలో ఈ భావపు ఛాయ కనిపిస్తుంది. చండీగఢ్‌లోను, రూర్కెలాలోను, మన విశాఖ ఉక్కునగరంలోను సెక్టార్లు ఉన్నాయి. భిలాయ్ సెక్టార్లలోనూ బడి, బజారు, ఆటస్థలం ఇంటికి చేరువలో ఉండేటట్లు చూశారు. ఉదయం వేళ ఏ సెక్టారులో చూచినా, వేపచెట్ల నీడన పిల్లలు గుంపులుగా నడిచి పోతూ ఉండేవారు. చిన్న తరగతులలో ఉన్నంతకాలం ఆ ఏర్పాటు చక్కగా సాగేది. పిల్లలు పైతరగతులకు వచ్చేసరికి మాత్రం, కోరిన పాఠశాల తమ సెక్టారులోనే ఉండే అదృష్టం అందరికీ ఉండదు.

1993 నాటికి మా స్థితి అదే. పదోన్నతి వలన పెద్ద క్వార్టరుకు అర్హత కలిగింది. రెండవ సెక్టారులోని చిన్న ఇంటిలో మేము ఐదుగురం ఉండేవాళ్లం. అమ్మాయి పదవ తరగతి, అబ్బాయి మూడవ తరగతి. నాన్నగారు గతించిన తరువాత అమ్మగారు మా వద్దకే వచ్చారు. రాత్రి పూట అమ్మాయి చదువుకొనే దీపం అమ్మగారి కంట్లో పడేది. నైట్ షిఫ్ట్ ముగించుకొని నేను పగలు నిద్రించవలసి వస్తే, ఇంటిల్లిపాదీ గుసగుసలతో మాట్లాడుకొనేవారు. ఇంకొక గది కావాలన్నది అందరి కోరిక.

రెండు క్వార్టర్లు మా దృష్టికి వచ్చాయి. ఒకటి రిసాలిలో, రెండవది పదవ సెక్టారులో. రిసాలి ఇల్లు చూడగానే నా మనసు అక్కడే నిలిచింది. గాలి, వెలుతురు పుష్కలంగా ఉన్నాయి. వెనుక కూరపాదులకు తగిన స్థలం ఉన్నది. మునగచెట్టు ఒకటి అప్పటికే కాపుకు వచ్చి ఉన్నది. పదవ సెక్టారు ఇల్లు దానికంటె చిన్నది, పెరడు ఇరుకు. అయితే భిలాయ్‌లో పేరెన్నిక గన్న సీనియర్ సెకండరీ పాఠశాల ఆ సెక్టారులోనే ఉన్నది. పదకొండవ తరగతికి అమ్మాయి కోరుకొన్నది అక్కడి విజ్ఞాన శాస్త్ర విభాగమే.

"సైకిలు మీద వెళ్తుందిలే, ఎంతమంది పిల్లలు వెళ్లడం లేదు!" అన్నాను. నా శ్రీమతి వాదించలేదు. "ఒకరోజు మీరు కూడా దానితో కలిసి వెళ్లి రండి" అని మాత్రమే అన్నది.

మా వారపు సెలవునాడు, బడివేళకు చేరేటట్లు, తండ్రీకూతుళ్లం చెరొక సైకిలు మీద రిసాలి నుండి పదవ సెక్టారుకు బయలుదేరాము. మ్యాపు మీద అది ఒక గీత. నేల మీద అది పెద్ద రోడ్డు. కర్మాగారానికి వెళ్లే స్కూటర్లు, సైకిళ్లు, బస్సులు ఒక్కసారిగా కదిలే సమయమది. నేను ఇన్నేళ్లుగా ఆ ప్రవాహంలో ఒకడినై పోయానే కాని, పక్కన ఒక పిల్లను పెట్టుకొని దానిని దాటవలసి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఎరుగను. సాయంత్రం ప్రయోగశాల తరగతులు ముగిసిన తరువాత, చలికాలపు చీకటిలో అదే దారిన ఆమె ఒంటరిగా రావాలి. తిరిగి వచ్చేటప్పుడు మునగచెట్టు మాట నేను ఎత్తలేదు.

పదవ సెక్టారుకే దరఖాస్తు పెట్టాము. కేటాయింపు వచ్చింది. అమ్మాయికి బడి పది నిమిషాల నడక. అబ్బాయి బడి కూడా దగ్గరే. అమ్మగారికి ప్రత్యేకంగా ఒక గది ఏర్పడింది. నా నిర్ణయం పట్ల నాకు ఎంతో తృప్తి కలిగింది.

ఆ తృప్తి రెండు మాసాలు నిలిచింది. అమ్మగారి భోజనం తగ్గడం నా శ్రీమతి మొదట గమనించింది. రెండవ సెక్టారులో మా వీథిలో మూడు తెలుగు కుటుంబాలుండేవి. సాయంత్రం కాగానే వాకిట్లో పీటలు వేసికొని, అప్పడాలు మొదలు అల్లుళ్ల వరకు అన్ని సంగతులూ మాట్లాడుకొనేవారు. ఇక్కడ ఇరుగుపొరుగువారు మర్యాదస్థులే. కాని వారి హిందీ అమ్మగారికి రాదు, అమ్మగారి తెలుగు వారికి తెలియదు. ఒకనాడు నేను అడిగితే, "గది పెరిగిందిరా నాయనా, వాకిలి తగ్గింది" అన్నారు. అందులో ఫిర్యాదు లేదు. అందుకే అది నన్ను మరింత బాధించింది. పిల్లల దారి కొలిచినవాడిని, తల్లి దారి కొలవడం మరచిపోయాను.

ఆనాటి నుండి ప్రతి వారపు సెలవునాడు అమ్మగారిని స్కూటరు మీద పాత వీథికి తీసికొని వెళ్లడం నియమంగా పెట్టుకొన్నాను. మిగిలిన ఆరు రోజులకు పరిష్కారం మాత్రం నా వలన కాలేదు, ఆమె వలననే అయింది. అమ్మగారి పుట్టిల్లు ఇచ్ఛాపురం పరిసరాలు. ఒడిశా సరిహద్దు గనుక అక్కడివారికి ఒడియా మాటలు చిన్ననాటి నుండి అలవాటే. మా వెనుక వీథిలో బరంపురం నుండి వచ్చిన ఒక వృద్ధురాలు ఉన్నట్లు కూరగాయల బండి వద్ద తెలిసింది. వంకాయల ధర మీద మొదలైన సంభాషణ ఆరేళ్ల స్నేహంగా సాగింది. తెలుగు కొంత, ఒడియా కొంత కలిపి వారు మాట్లాడుకొనే భాష మా పిల్లలకు సగమే అర్థమయ్యేది. భోజనం మాత్రం మళ్లీ మామూలుగా జరిగింది.

కాలక్రమంలో భిలాయ్ ఎంతో మారింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. కర్మాగారంలో ఉద్యోగుల సంఖ్య గణనీయంగా తగ్గింది. దానితో పిల్లలు తగ్గి, టౌన్‌షిప్‌లోని పాఠశాలలు అనేకం మూతపడ్డాయి. మరొక వంక 2016లో ఐఐటీ భిలాయ్ ఏర్పడింది. 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నం నడుమ వందే భారత్ రైలు ప్రారంభమైంది. ఐదవ సెక్టారులోని బాలాజీ ఆలయంలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. అమ్మగారు ఉన్నట్లయితే అక్కడి మండపం వదిలి వచ్చేవారు కారేమో!

ఇటీవల మా అమ్మాయి హైదరాబాదు నుండి ఫోను చేసింది. పిల్లలు ఎదుగుతున్నారు, పెద్ద ఫ్లాటు తీసికోవాలనుకొంటున్నారు. ఏ పేటలో ఎన్ని చదరపు అడుగులు, ఏ బడికి ఎంత పేరు, అన్నీ కాగితం మీద వ్రాసి పెట్టుకొన్నది. నేను విని, మూడు దారులు స్వయంగా నడిచి చూడమని చెప్పాను. బడివేళకు పిల్లలు పోయే దారి మొదటిది. సాయంత్రం వేళ అత్తగారు ఒక మనిషితో మాట్లాడటానికి పోయే దారి రెండవది. పని ముగించి అలసి వచ్చే దారి మూడవది. ఈ మూడూ అనుకూలమైతే గది ఒకటి తగ్గినా లోటు ఉండదు.

"రెండవ దారి మీరు ముందు చూడలేదు కదా నాన్నా?" అన్నది అమ్మాయి.

"చూడలేదు కనుకనే చెబుతున్నానమ్మా" అన్నాను.