కూలుంబ్ తప్పంట అన్నా!

మా బాబాయ్ కొడుకు ఇంటర్ సెకండియర్. వాళ్లది చర్ల వైపు అడవి పక్క ఊరు. సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుని మరీ నాకో వీడియో పంపాడు. అందులో ఒకాయన గొంతు చించుకుంటున్నాడు: ఛార్జీలు ఒకదాన్నొకటి లాగవు, ఈథరే నెడుతుంది, సైంటిస్టులు నిజం దాస్తున్నారు అని.

"కూలుంబ్ తప్పంట అన్నా" అన్నాడు వీడు. కాసేపాగి అసలు సంగతి అడిగాడు. "మధ్యలో ఏం లేకుండా ఎట్లా లాగుద్ది? మా సార్‌ని అడిగితే ఫార్ములా చూసుకో, ఎంసెట్‌కి అది చాలన్నాడు."

నాకు వీడియో మీద కంటే ఆ జవాబు మీదే కోపం వచ్చింది. ఎందుకంటే ఆ ప్రశ్న మీద పెద్ద పెద్దవాళ్లే ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. 1785లో కూలుంబ్ సన్నని తీగ మెలిక తిరగడాన్ని బట్టి బలాన్ని కొలిచాడు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు. ఎంత బలమో తేలింది గానీ, అది అవతలికి ఎలా చేరుతుందో తేలలేదు.

జర్మనీలో వెబర్ 1846లో ఇంకో సూత్రం రాశాడు. మధ్యలో ఏమీ అక్కర్లేదు, బలం నేరుగానే పనిచేస్తుంది, కాకపోతే దూరంతో పాటు ఛార్జీలు ఎంత వేగంగా దగ్గరవుతున్నాయి, దూరమవుతున్నాయి అన్నది కూడా లెక్కలోకి వస్తుందన్నాడు. ఆ లెక్కకి ఒక వేగం విలువ కావాలి. దానికోసం కోల్‌రాష్‌తో కలిసి కొలతలు తీసి 1856లో ప్రకటించాడు. ఆ కొలతల్లోంచి వచ్చే అంకె సెకనుకు సుమారు 3.1 లక్షల కిలోమీటర్లు. దాదాపు కాంతి వేగం! దాన్ని పట్టుకున్నది మాత్రం అవతలి పక్షం మనిషి, మాక్స్‌వెల్. ఖాళీలో ఫీల్డ్ ఉంటుంది, అందులో కదలిక కాంతి వేగంతో పోతుంది, కాంతి కూడా అదేనన్నాడు. 1888 నాటికి హెర్ట్జ్ ఆ తరంగాల్ని ల్యాబ్‌లో పుట్టించి చూపించాడు. వెబర్ పక్కకి పోయాడు, ఆయన అంకె మిగిలింది.

మావాడికి ఫోన్‌తోనే చెప్పాను. మూడు కిలోమీటర్ల అవతలి టవర్ నుంచి సిగ్నల్ రావడానికి సెకనులో లక్షో వంతు పడుతుంది. టవర్‌ని వదిలేసి, నీ ఫోన్‌ని ఇంకా చేరని ఆ క్షణంలో ఆ శక్తి ఎక్కడుందిరా? ఎక్కడో ఒకచోట ఉండాలిగా. ఫీల్డ్ అంటే అదే. "అంటే ఖాళీ ఖాళీ కాదన్నమాట" అన్నాడు.

"ఇప్పుడు ఆ వీడియో ఆయన్ని ఒక్కటే అడుగు. వెబర్ అంకె ఇచ్చాడు, నీ ఈథర్ ఏ అంకె ఇస్తుంది?" అన్నాను. దూరం మీద ఉండే ఆ 'వర్గం', అంటే 2, కచ్చితంగా రెండేనా అని 1971లో అమెరికాలో పరీక్షిస్తే దశాంశం తర్వాత 15 స్థానాల దాకా తేడా కనబడలేదు. కొత్త సిద్ధాంతం ఏదైనా ముందు దీన్ని దాటాలి.

అన్నట్టు, దువ్వెనతో కాగితం ముక్కలు లేపే ప్రయోగం చలికాలంలో చేయండి. వానాకాలం గోదావరి గాలి తేమకి ఛార్జీ నిలవదు. కూలుంబ్‌కీ ఇదే తలనొప్పి. ఛార్జీ ఎంత కారిపోతుందో ఆయన విడిగా కూర్చుని కొలిచాడు.