పచ్చ ట్రాక్టరు పుట్టిల్లు

ఊళ్లో పెద్ద ఫ్యాక్టరీ ఉంటే ఆ ఊరికో ధీమా. ఆ కంపెనీ సొంత దేశానిదే అయితే ఇక చెప్పేదేముంది! అమెరికాలోని వాటర్‌లూ వందేళ్లకు పైగా ఆ ధీమాతోనే బతికింది. ఇప్పుడు మాత్రం ఆ ఊరిని ఒక ప్రశ్న వేధిస్తోంది. కంపెనీ మనదే... మరి పని?

కొత్త ట్రాక్టరు ఇంటికొస్తే మనవైపు అదో పండగ. బానెట్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి... ఆ తర్వాతే తాళంచెవి తిప్పుతారు. అమెరికా రైతుకీ ఇలాంటి ముచ్చట ఒకటుంది. జాన్ డీర్ పెద్ద ట్రాక్టరు కొన్న రైతు కుటుంబంతో సహా వాటర్‌లూ ఫ్యాక్టరీకి వెళ్లొచ్చు. తన బండి తయారవుతుంటే దగ్గరుండి చూడొచ్చు. చివర్లో బంగారు రంగు తాళంచెవి చేతికిస్తారు. ఆ ఇంజిన్‌ని మొట్టమొదటిసారి స్టార్ట్ చేసేది ఆ రైతే!

షికాగో నుంచి పడమటి వైపు కారులో సుమారు ఐదు గంటలు ప్రయాణిస్తే వస్తుంది వాటర్‌లూ. దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలే. అమెరికాలో మొక్కజొన్న అన్నిటికన్నా ఎక్కువ పండే అయోవా రాష్ట్రం మరి. సీడర్ నదికి అటూ ఇటూ విస్తరించిన ఈ ఊరి జనాభా 67 వేలు. మన లెక్కలో ఓ మాదిరి పట్టణం. కానీ ప్రపంచంలో ఏ మూల పచ్చ రంగు ట్రాక్టరు కనిపించినా దాని మూలాలు వెతుక్కుంటూ వెళ్తే ఇక్కడికే చేరతాం.

రంపం ముక్కతో మొదలు

నల్లరేగడిలో దుక్కి దున్నిన వాళ్లకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. అమెరికా మధ్య మైదానాల్లోని మట్టీ అలాంటిదే. ఇనుప నాగలికి బంకలా పట్టేసేది. నాలుగడుగులు వెయ్యడం, ఆగి కర్రు గీక్కోవడం... ఇదే పని. ఇల్లినాయిస్‌లోని గ్రాండ్ డిటూర్ అనే పల్లెలో కమ్మరి పని చేసే జాన్ డీర్ 1837లో విరిగిన ఉక్కు రంపాన్ని సాగదీసి, నున్నగా చేసి నాగలికి అమర్చాడు. మట్టి దానంతటదే జారిపోయింది. ఆ నాగళ్ల వ్యాపారమే పెరిగి పెద్ద కంపెనీ అయింది. 1848లో మోలీన్ పట్టణానికి మారింది. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ అక్కడే.

విచిత్రమేమిటంటే, జాన్ డీర్ ట్రాక్టరుని చూడనేలేదు. 1886లోనే చనిపోయాడు. అయోవాకే చెందిన జాన్ ఫ్రోలిక్ 1892లో పెట్రోలుతో ముందుకీ వెనక్కీ నడిచే ట్రాక్టరు తయారుచేశాడు. మరుసటేడాది వాటర్‌లూలో కంపెనీ పెట్టారు. మొదట్లో ట్రాక్టర్లు అమ్ముడుపోలేదు. ఇంజిన్లు అమ్ముకుంటూ నెట్టుకొచ్చారు. ఆ తర్వాత వచ్చిన 'వాటర్‌లూ బాయ్' ట్రాక్టరు పేరు తెచ్చింది. 1918లో డీర్ కంపెనీ ఆ ఫ్యాక్టరీని కొనేసింది. ఊరి దశ తిరిగింది అప్పుడే.

పిల్లలకూ పెద్దలకూ

ఈ చరిత్రంతా చూపించడానికి 2014లో ఇక్కడ ట్రాక్టరు, ఇంజిన్ల మ్యూజియం తెరిచారు. వాటర్‌లూ బాయ్ నుంచి తర్వాతి తరాల బళ్లదాకా తళతళలాడుతూ వరసగా కనిపిస్తాయి. రెండు సిలిండర్ల పాత బళ్లు 'పాప్ పాప్' అని శబ్దం చేసేవి. అందుకే రైతులు వాటిని ముద్దుగా 'జానీ పాపర్' అని పిలుచుకునేవారు. ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఫ్యాక్టరీ కూడా చూడొచ్చు. ఛాసిస్ ఒకవైపు నుంచి, క్యాబిన్ మరోవైపు నుంచి వచ్చి కలుసుకుని, చక్రాలు తొడుక్కుని, ట్రాక్టరై బయటకు నడుస్తుంటే పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లలైపోతారు. డ్రైవరు లేకుండా పొలం దున్నే 8ఆర్ ట్రాక్టరుని సంస్థ ప్రపంచానికి చూపించింది 2022లో. 8ఆర్‌లకూ పుట్టిల్లు ఈ ఊరే.

క్యాబిన్ ప్రయాణం

ఊరికి కష్టాలు కొత్త కాదు. 1980ల్లో అమెరికా వ్యవసాయం అప్పుల్లో కూరుకుపోయినప్పుడు ట్రాక్టర్లు కొనేవాళ్లు లేక వాటర్‌లూలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఊరికి రెండో కన్నులాంటి రాత్ మాంసం ఫ్యాక్టరీ 1985లో మూతపడింది. అయితే అప్పటి కష్టం వేరు. అమ్మకాలు లేవు, పనిలేదు. మళ్లీ వానలూ ధరలూ బాగుంటే పని తిరిగొస్తుందన్న ఆశ ఉండేది.

2022లో వచ్చిన వార్త అలాంటిది కాదు. ట్రాక్టర్ల క్యాబిన్ల తయారీని 2024 నాటికి మెక్సికోలోని రామోస్‌కు తరలిస్తామని సంస్థ ప్రకటించింది. వాటర్‌లూలో కొత్త ఉత్పత్తులకు చోటు కావాలన్నది, పనివాళ్లు దొరకడం కష్టంగా ఉందన్నది కంపెనీ చెప్పిన కారణాలు. కానీ అంతకు కొద్ది నెలల ముందే, 2021 అక్టోబరు, నవంబరుల్లో పదివేలమందికి పైగా కార్మికులు ఐదు వారాలు సమ్మె చేసి పది శాతం జీతం పెంచుకున్నారు. మెక్సికోలో జీతాలు చాలా తక్కువ. ఈ రెండిటికీ ముడిపెట్టి చూడొద్దంటే కార్మికులు ఊరుకుంటారా!

2023లో కంపెనీ లాభం వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత పంటల ధరలు పడిపోయాయి, ట్రాక్టర్ల అమ్మకాలు తగ్గాయి. 2024లో వాటర్‌లూలో విడతలవారీగా వందలమందిని తీసేశారు. ఆ ఏడాదీ లాభం 710 కోట్ల డాలర్లు. అదే ఏడాది సెప్టెంబరులో ఎన్నికల ప్రచారంలో ఉన్న ట్రంప్, తయారీని మెక్సికోకు తరలిస్తే ఆ బళ్లమీద 200 శాతం సుంకం వేస్తానని హెచ్చరించారు. అమెరికాలో పదేళ్లలో 2,000 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని 2025లో సంస్థ ప్రకటించింది.

ఎవరిది ఏ ట్రాక్టరు?

నిజానికి బయటి దేశాల్లో తయారుచేయడం ఈ కంపెనీకి కొత్తేం కాదు. 1956లోనే జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఉన్న లాంజ్ కంపెనీని కొంది. జర్మనీలో తయారైన ట్రాక్టర్లు అమెరికా పొలాల్లోనూ తిరుగుతున్నాయి. ఇక పోటీదారు కేస్ సంగతి దీనికి తలకిందులు. విస్కాన్సిన్‌లోని రసీన్‌లో పుట్టి పెరిగిన ఆ కంపెనీ 1999లో ఇటలీవాళ్ల ఫియట్ చేతికి వెళ్లింది. యజమాని విదేశీ, కానీ ఫ్యాక్టరీ రసీన్‌లో ఉండిపోయింది. జపాన్‌వారి కుబోటాకు జార్జియాలో ఫ్యాక్టరీలున్నాయి. మరి ఏది అమెరికా ట్రాక్టరు? సొంతదారు ఇంటిపేరు చూడాలా, బోల్టు బిగించిన చేతిని చూడాలా?

షేర్లున్న వారికి మొదటిది ముఖ్యం. వాటర్‌లూలో కిరాణా కొట్టుకీ, బడికీ, ఇంటి అద్దెకీ రెండోదే ముఖ్యం. లాభం మోలీన్‌కి చేరినా జీతం వాటర్‌లూలో పడకపోతే ఊరికి ఒరిగేదేముంది!

మనూరి మాట

ఈ కథ దూరపు కొండ అనుకోవద్దు. తెలుగు పల్లెల్లో తిరిగే పచ్చ ట్రాక్టరు వెనక పుణె దగ్గరి సణస్‌వాడి ఫ్యాక్టరీ ఉంది. ఎల్ అండ్ టీతో కలిసి మొదలుపెట్టిన ఆ వ్యాపారాన్ని 2005లో డీర్ పూర్తిగా తీసుకుంది. యజమాని అమెరికావాడు, జీతం మనవాళ్లది.

మరోపక్క మహీంద్రా. 1963లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సాయంతో ట్రాక్టర్ల తయారీ నేర్చుకుంది. గురువు 1985లో వ్యవసాయ యంత్రాల వ్యాపారాన్ని అమ్మేసుకుంటే, శిష్యుడు సంఖ్యలో ప్రపంచంలోనే అత్యధికంగా ట్రాక్టర్లు అమ్మే కంపెనీ అయ్యాడు. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే దారిలో జహీరాబాద్ దగ్గర 2013లో ఫ్యాక్టరీ తెరిచాడు. 2023లో విడుదలైన ఓజా ట్రాక్టర్లు తయారవుతున్నది అక్కడే. అమెరికా వంటి దేశాలనూ దృష్టిలో పెట్టుకుని రూపొందించిన బళ్లవి.

అంటే ఇవాళ జహీరాబాద్ ఉన్నది ఒకనాటి వాటర్‌లూ స్థానంలో. సొంతదారూ మనవాడే, పనీ మన దగ్గరే. వాటర్‌లూ కూడా ఒకప్పుడు అలాగే అనుకుంది.

అక్కడి ఫ్యాక్టరీలో బంగారు తాళంచెవి అందుకున్న రైతు మెట్లెక్కి తన కొత్త ట్రాక్టరులో కూర్చుంటాడు. చుట్టూ చప్పట్లు. ఇంజిన్ గర్జిస్తుంది. ఆ రైతు కూర్చునేది క్యాబిన్‌లోనే... మెక్సికోకు తరలిస్తామన్నదీ ఆ క్యాబిన్ తయారీనే!