దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ఈ ఎండాకాలం మా ఇంట్లో రెండు యుద్ధాలు నడిచాయి. ఒకటి టీవీలో, స్ట్రీట్ ఫైటర్ 6. రెండోది హాల్లో సోఫాకీ, మా పెద్దాడి గది తలుపుకీ మధ్య. మొదటిది కాస్త అర్థమయ్యాక రెండోదాన్ని చూసే పద్ధతి మారింది నాకు.

రెండోదాని సంగతి ముందు చెప్తాను. వాడిది బైపీసీ. నీట్‌లో వచ్చిన మార్కులకి సీటు రాదు. మావారు లాంగ్‌టర్మ్ అంటారు. వాడు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అగ్రికల్చర్ బీఎస్సీ చేస్తానంటాడు. మావారిది జనగామ వైపు పల్లెటూరు. బోర్లు ఎండిపోయి, పత్తి ముంచేసి, పీర్జాదిగూడ వచ్చి స్థిరపడిన మనిషి. "పొలం వదిలి ఇంతదూరం వచ్చింది నిన్ను మళ్లీ పొలానికి పంపడానికా?" అన్నారు. అంతే, మూడు వారాలు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. రెండు గదుల ఫ్లాట్‌లో మూడు వారాలంటే ఎంతో మీకు తెలుసు.

ఇక మొదటి యుద్ధం. నాచారం నుంచి మా మరిది కొడుకు వస్తాడు, ఇద్దరూ పాత ప్లేస్టేషన్ ముందు కూర్చుంటారు. మావాడి మనిషి జాంగిఫ్, రష్యా మల్లయోధుడు. కొండలా ఉంటాడు. పక్కనే ఉంటే ఎత్తి నేలకేసి కొడతాడు, ఆ పట్టుని అడ్డుకోవడం కుదరదు. కానీ దూరం నుంచి ఏమీ చేయలేడు. వాడిది గైల్, అమెరికా వైమానిక దళం మనిషి. వెనక్కి బటన్ కాసేపు నొక్కి ఉంచి, ముందుకి తోసి గుద్దు నొక్కితే సోనిక్ బూమ్ అని ఒక చక్రం విసురుతాడు. వెనక్కి పట్టుకుని కూర్చున్నవాడికే ఆయుధం తయారవుతుందన్నమాట! తనే ముందుకి నడిస్తే ఆ కూడబెట్టిన బలం పోతుంది. కాబట్టి కదలడు.

"మరి నువ్వు ఎగిరి మీద పడొచ్చు కదరా?" అన్నాను.

"అదే వాడిక్కావాలమ్మా. గాల్లోకి లేస్తే దారి మార్చుకోలేను. కింద నుంచి తన్ని పడేస్తాడు. కొంచెం నడవాలి, చక్రం వస్తే అడ్డుకోవాలి, మళ్లీ కొంచెం నడవాలి."

దీన్నే మ్యాచప్ అంటారట. ఎదుటి మనిషి మారితే మన ఆట మొత్తం మారాలి. ఎప్పుడు ముందుకెళ్లాలన్నది కూడా వాళ్లకి ఒక లెక్కే. ప్రతి దెబ్బకీ ముందు కొంత, తర్వాత కొంత తీరిక లేని సమయం ఉంటుంది. సెకనుకి అరవై ఫ్రేములు, అందులో కొన్ని ఫ్రేములంత సందు. ఎదుటివాడు దెబ్బ వేసి ఇంకా తేరుకోని ఆ సందులో వెళ్లాలి. వరంగల్ రోడ్డు దాటేటప్పుడు మనం చేసేదే. బస్సు వస్తుంటే ఉరకం, వెళ్లాక నిలబడం.

ఇదేదో పిల్లల పిచ్చి అనుకునేరు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్‌కి పతకాలిచ్చారు. మన దేశం నుంచీ ఇద్దరు వెళ్లారు. స్వర్ణం గెలిచిన కొరియా ఆయన కిమ్ గ్వాన్‌వూకి అప్పుడు 44 ఏళ్లు! మావారికి చెప్తే నమ్మలేదు.

అన్నిటికంటే నాకు పట్టుకున్నది గడియారం. రౌండుకి తొంభై తొమ్మిది అంకెలు. అవి అయిపోయేసరికి ఎవరికి ప్రాణం ఎక్కువ మిగిలితే వాళ్లే గెలుపు. ముందంజలో ఉన్నవాడు కదలనక్కర్లేదు, వెనకబడినవాడే దగ్గరికి వెళ్లాలి. ఇంట్లోనూ సోఫాలో కూర్చున్నాయన అదే అనుకుంటున్నారు: ఫీజు కట్టేది నేను, వాడే వస్తాడు. అక్కణ్నుంచే "కట్టిన ఫీజెంతో తెలుసా?" అని ఒక చక్రం, "పక్క అపార్ట్‌మెంట్ పిల్లకి సీటొచ్చిందట" అని ఇంకో చక్రం. వీడు గదిలోంచి ఒక్కసారిగా లేచి మీద పడతాడు, కింద పడతాడు, తలుపు ధడాలుమంటుంది. కానీ కౌన్సెలింగ్ తేదీలు దాటిపోతే ఇక్కడ గెలిచేవాళ్లెవరూ లేరు.

మావారికి చిన్నప్పటి కబడ్డీ ప్రాణం. టీ ఇస్తూ ఆ భాషలోనే చెప్పాను. "ఏమండీ, వరసగా రెండు కూతలు ఖాళీగా వచ్చేశారు మీరు. మూడోది డూ ఆర్ డై."

"కూతకెళ్లేది నేనా, వాడా?" అన్నారు, కాస్త నవ్వి.

వాడితోనూ అన్నాను. "నాన్న మీదికి దూకుతున్నావురా. నడువు." వాడు నావైపు వింతగా చూశాడు.

మర్నాడు సాయంత్రం వచ్చి సోఫా పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆయన ఫీజు మాట ఎత్తారు. "ఊ" అన్నాడంతే. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆయన ఫోను పక్కన పెట్టి టీ అందుకునే వేళ, "నాన్నా, మన బోరు ఎన్ని అడుగులు వేయించారు?" అని అడిగాడు. ఇక ఆయన ఆగలేదు. మొదటి బోరు, రెండో బోరు, మూడోదానికి తాతయ్య చేసిన అప్పు, పురుగుపట్టిన పత్తి. గంటసేపు చెప్పారు. ఆ అప్పు సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. నాకూ సగమే తెలుసు. ఆయన కోపం అనుకున్నది భయమని ఆ గంటలో వాడికి తెలిసింది.

చివర్లో వాడు మెల్లగా అన్నాడు, "అందుకే నాన్నా, అది చదువుతానంటున్నా."

ఆయన సరే అనలేదు. లాంగ్‌టర్మ్ మాటా ఎత్తలేదు. "రెండు కౌన్సెలింగులూ చూద్దాం. ముందు సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించు," అన్నారు. ఇప్పటికి అక్కడే ఉన్నాం. తలుపు మాత్రం తెరిచే ఉంటోంది.

ఈ విద్య మా చిన్నదాని దగ్గర పనికిరాదని మాత్రం అప్పుడే తేలిపోయింది. దానికి దూరమే తెలియదు. పొద్దున లేచింది మొదలు మీదికే వస్తుంది. దాంతో ఏ మనిషిని పెట్టుకుని ఆడాలో వాళ్లన్నయ్యని అడగాలి.