ట్రక్ క్యాంపరా? మోటార్‌హోమా?

ఈ మధ్య మా మిత్రబృందంలో తెగని చర్చ ఒకటి నడుస్తోంది. అమెరికాలో రోడ్డెక్కి తిరగాలంటే పికప్ ట్రక్కు మీద ఎక్కించుకునే క్యాంపర్ మేలా, బండీ ఇల్లూ ఒకటే అయిన మోటార్‌హోమ్ మేలా?

లాజిక్ ప్రకారం నా ఓటు క్యాంపర్‌కే. క్యాంప్‌గ్రౌండ్ చేరాక దాన్ని నాలుగు జాకీల మీద నిలబెట్టి, ట్రక్కు తీసుకుని హాయిగా తిరగొచ్చు. మోటార్‌హోమ్ అయితే పాలు తెచ్చుకోవాలన్నా ఇల్లంతా కట్టుకుని బయల్దేరాలి :) పైగా దానికో ఇంజను, దానికో ఇన్సూరెన్సు, ఏడాదంతా పార్కింగు తలనొప్పి.

కానీ క్యాంపర్‌లోనూ మెలికుంది. ట్రక్కు ఎంత బరువు మోయగలదో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. బ్రోచర్‌లో చూపించే క్యాంపర్ బరువులో నీళ్ళుండవు, సామానుండదు. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్లు నింపితే 330 పౌండ్లు. ఆపైన గ్యాసు, బియ్యం, కుక్కరు, మనం. టెస్టింగులో పరుగెత్తిన కోడు ప్రొడక్షన్లో చతికిలబడటం మనకి తెలియంది కాదు కదా!

"ఇరుకు రోడ్లకి క్యాంపరే" అనేవాళ్ళకో మాట. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద, కొండెక్కే భాగంలో 21 అడుగుల పొడవు దాటిన బండిని రానివ్వరు. నాలుగు తలుపులు, ఎనిమిదడుగుల బెడ్ ఉన్న పెద్ద ట్రక్కు ఒక్కటే అది దాటేస్తుంది.

ఇక నా మట్టుకు నాకు ఈ చర్చని తేల్చింది అమ్మ మోకాళ్ళు. క్యాంపర్ తలుపు వెనకవైపు, ఎత్తులో ఉంటుంది. దారిలో బాత్రూం అవసరమైతే బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి, ఆ నిచ్చెనలాంటి మెట్లెక్కాలి. వాన పడుతున్నా సరే. మోటార్‌హోమ్‌లో బండి పక్కకి ఆపితే చాలు, లోపల్లోపలే నాలుగడుగులు. నాన్నకి డెబ్భై ఎనిమిది. ఇంతదూరం రావడం ఇదే ఆఖరుసారి అని ఆయనే అంటున్నారు.

అందుకని కొనే ఆలోచన పక్కనపెట్టి, జూలైలో గ్లేసియర్‌కి మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుంటున్నాం. దాన్ని కింద వదిలేసి, 1930ల నాటి పార్కు ఎర్రబస్సులో కొండెక్కుతాం. అమెరికాలో ఎర్రబస్సు అనగానే నాన్న ఒకటే నవ్వు.

మైలేజీ, రీసేలు, పేలోడు అన్నీ చూడాల్సినవే. ముందు మాత్రం మెట్లెక్కడం ఎవరికి కష్టమో చూడండి. ఆ కాలమ్ ఏ ఎక్సెల్ షీట్లోనూ నాకు కనపడలేదు.